నరసమ్మ నడక

“ఆ నడక నడవకే,” అన్నాడు మా ఆయన, గోడవేపు తిరిగి పడుకునే.

తెల్లవారుతోంది. వాకిట్లో కళ్ళాపి జల్లడానికి పేడనీళ్ళ బకెట్టు పట్టుకుని గడప దాటుతున్నాను. కుడి మడమ నేలకి ఆనడం లేదు. ఎడం పాదం పూర్తిగా మోపి ఒక అడుగు, కుడికాలి మునివేళ్ళు ఈడ్చుకుంటూ ఇంకో అడుగు. నిద్రలేచి వేసే మొదటి అడుగు ఎలా ఉండేదంటే, ఎవరో మడమ కింద మేకు నిలబెట్టి, దాన్ని నా బరువుతో నాచేతనే దిగగొట్టిస్తున్నట్టు ఉండేది. కాస్సేపు అటూ ఇటూ తిరిగాక నొప్పి కొంచెం సర్దుకునేది. మధ్యాహ్నం ఎక్కడైనా కూర్చుని లేస్తే మళ్ళీ మొదటికొచ్చేది. అందుకని కూర్చోవడానికి భయపడి, కూర్చోవడమే మానేశాను. ఇంట్లో ఎవరూ అది గమనించలేదు. కోడలు నిలబడే ఉందన్న సంగతి ఎవరు మాత్రం గమనిస్తారు?

ఆయన అలా అనగానే సిగ్గుతో చచ్చిపోయాను. ఇరవై మూడేళ్ళకే ముసలిదానిలా కుంటుతున్నాను, చూసేవాళ్ళకి వికారంగా ఉంటుంది కాబోలు అనుకున్నాను. పళ్ళు బిగబట్టి మడమ నేలకి నొక్కి నడిచాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

మాది చీపురుపల్లికి దగ్గర్లో ఒక ఊరు. నా పుట్టిల్లు ఎచ్చెర్ల అవతల. మా ఆయన ఇంటికి నేను రెండో పెళ్ళాంగా వెళ్ళాను. మొదటామె పేరు లక్ష్మీనరసమ్మ. నరసమ్మ అనేవారు. జ్వరమొచ్చి పోయిందని మా నాన్నకి చెప్పారు, ఆయన నాకు చెప్పాడు. ముత్తయిదువుగా పోయింది కనుక ఆమె ఆ ఇంటికి పేరంటాలయింది. వెనకగదిలో గోడకి గూడు, గూట్లో పసుపు రాసిన వెదురుపెట్టె, పెట్టెలో ఒక కోక, రవికెగుడ్డ, గాజులు. ఏడాదికోసారి కొత్త కోక పెట్టి, దీపం వెలిగించి, అందరూ దణ్ణం పెట్టుకునేవారు. పెట్టెలోంచి తీసిన పాత కోక ఇంటి కోడలు కట్టుకోవాలి.

“పేరంటాలు కట్టి ఇడిసిన కోకే. ఎంత మందికి దొరుకుతాదేటి ఆ అదురుష్టం,” అంది మా అత్త జగ్గమ్మ, మొదటి ఏడు ఆ కోక నా చేతుల్లో పెడుతూ. ఆ కోకలో పసుపు వాసన, చాలా కాలం మూసి ఉంచిన గది వాసన. చెరువులో ఎన్నిసార్లు జాడించినా పోయేది కాదు. ఇంట్లో పనికి అవే కట్టుకునేదాన్ని. కొత్తవి కొనిపెట్టాలన్న ఆలోచన మా ఆయనకి రాలేదు.

నరసమ్మకి ఒక కూతురు. మా ఆయన నాయనమ్మ పేరే పెట్టారు, తాతమ్మ అని. ఏడేళ్ళ పిల్ల. నన్ను పిన్నీ అని పిలిచేది. అన్నం పెడితే తినేది, జడ వేస్తానంటే కూర్చునేది, అంతకంటే దగ్గరికి వచ్చేది కాదు. మా అత్తకి రెండు కళ్ళకీ పొరలు కమ్మేశాయి. నడిమింట్లో నులకమంచం మీదే ఉండి, అడుగుల చప్పుడుని బట్టి మనుషుల్ని పోల్చుకునేది. పాలేరు అసిరయ్య పెరట్లోంచి వస్తున్నా, మా ఆయన వీధిలోంచి వస్తున్నా, గుమ్మం దాటకముందే పేరు పెట్టి పిలిచేది. మా అత్త చెడ్డమనిషని అనలేను. తనని ఆ ఇల్లు ఎలా వాడుకుందో, ఆ ఇంటికి వచ్చినవాళ్ళని తనూ అలాగే వాడుకుంది. అందులో తప్పుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఇల్లంతా నాపరాళ్ళు. పశువుల సాల, పెరడు, నుయ్యి, ముందు కళ్ళం. తెల్లారింది మొదలు పొయ్యి ఆరేదాకా వట్టికాళ్ళతో నేనే. ఊడ్పుల రోజుల్లో పొలంలో పనివాళ్ళకి అంబలి బిందె నెత్తిమీద పెట్టుకుని గట్లమీద నడిచేదాన్ని. వడ్లు ఎండబెట్టిన రోజున కళ్ళంలో పొద్దుటినుంచీ సాయంత్రం దాకా వాటిలో కాళ్ళు ఈడ్చుకుంటూ తిరగాలి, కింది గింజ పైకి, పై గింజ కిందికి వచ్చేలా. ఆ పని మడమలకి ఏం చేస్తుందో చేసినవాళ్ళకి తెలుస్తుంది. మొదట్లో కాలు నొప్పి అని చెబితే మా ఆయన నవ్వేవాడు. “ఇంటిపట్టున ఉండీ మనిషికి కాలునొప్పేటే? పొద్దస్తమానం గట్లంట తిరిగినోడిని, నాకు రావాల గానీ.” మా అత్త ఉప్పుకాపడం పెట్టుకోమంది. పెట్టుకోడానికి కూర్చోవాలి కదా.

కార్తీకమాసంలో ఒక పొద్దుట నొప్పి మరీ ఎక్కువగా ఉంది. బయట మంచు. గోడ పట్టుకుని, మునివేళ్ళు ఈడ్చుకుంటూ నడిమిల్లు దాటుతున్నాను. మా అత్త మంచంమీద దిగ్గున లేచి కూర్చుంది. ఆమె కళ్ళు నావేపే ఉన్నాయి, కానీ నన్ను చూడడం లేదు. నా పాదాలున్న చోటికి చెవి తిప్పి వింటోంది.

“వచ్చీసినావేటే నరసా?” అంది.

నాతో ఎప్పుడూ మాట్లాడే గొంతు కాదది. మెత్తగా ఉంది. బెదురుగా కూడా ఉంది. కదలకుండా నిలబడ్డాను. కదిలితే మళ్ళీ ఆ చప్పుడే వస్తుంది.

అప్పుడే పక్కగదిలోంచి తాతమ్మ పరిగెత్తుకొచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, కళ్ళింకా పూర్తిగా తెరవలేదు, మొహంనిండా నవ్వు. నేనా ఇంటికి వచ్చాక ఆ పిల్ల అలా నవ్వడం చూడలేదు. “అమ్మా!” అని వచ్చి నా నడుం చుట్టేసుకుని, కోకలో మొహం దాచుకుంది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. చేతులు మెల్లగా వదిలేసింది. ఏడవలేదు. అలాగే వెనక్కి వెనక్కి వెళ్ళి, తలుపు పక్కన నిలబడి, నా కాళ్ళకేసి చూసింది.

“అత్తా, నాను పద్మని,” అన్నాను.

మా అత్త పడుకుని కొంగు మొహంమీదికి లాక్కుంది. గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. ఆయన పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అప్పుడు తెలిసింది నాకు. నా నడక ఆయనకి వికారంగా లేదు. భయంగా ఉంది.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ, “రేపు ఇజీనారం ఎల్దాం. పెద్ద డాక్టరున్నాడు. మడమలో సూది ఏస్తే నొప్పి ఎగిరిపోద్ది,” అన్నాడు. అంతకుముందు వేసవిలో నాకు కడుపు పోయినప్పుడు, రెండు పగళ్ళు నేను చాపమీద నెత్తురోడుతూ పడుంటే, “ఆడోళ్ళకి అయ్యీవే” అని పొలానికి వెళ్ళిపోయిన మనిషి. ఇప్పుడు కాలినొప్పికి రైలెక్కించి తీసుకెళ్తానంటున్నాడు. నేను మురిసిపోయాను. ఆ రాత్రి పెట్టెలోంచి నా పెళ్ళికోక తీసి మడతలు సరిచేసుకున్నాను.

చీపురుపల్లిలో ప్యాసింజరెక్కాం. గరివిడి ఫ్యాక్టరీ పొగ దాటి, నెల్లిమర్ల దాటి, పొద్దెక్కాక విజయనగరంలో దిగాం. డాక్టరు నరసింగరావుగారి ఆస్పత్రి ఒక పాతమేడ కింద ముందుగదిలో ఉండేది. స్పిరిట్ వాసన. మూలన స్టౌమీద స్టీలు గిన్నెలో సూదులు మరుగుతూ టకటకా కొట్టుకుంటున్నాయి. నన్ను బల్లమీద బోర్లా పడుకోమన్నాడు కాంపౌండరు. డాక్టరుగారు వచ్చి నా పాదం చేతిలోకి తీసుకుని, మడమ లోపలిపక్క బొటనవేలితో నొక్కాడు. కెవ్వుమన్నాను.

“ఏమ్మా, మళ్ళీ తిరగబెట్టిందా?” అన్నాడాయన. “పోయినసారి సూది వేసినప్పుడే చెప్పాను కదా, విశ్రాంతి తీసుకోవాలని.”

ఆ ఆస్పత్రికి నేనెప్పుడూ రాలేదు. విజయనగరం రావడమే అది రెండోసారి. తల తిప్పి చూశాను. మా ఆయన గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు.

“ఈవిడ రావడం ఇదే మొదులు బాబూ,” అన్నాడు, క్యాలెండరు మీంచి కళ్ళు తిప్పకుండానే.

డాక్టరుగారు ముందుకు వంగి నా మొహం చూశాడు. చాలాసేపే చూశాడు. “అవును, ఆవిడ కాదు,” అన్నాడు. “మడమ చూసి ఇంకెవరో అనుకున్నాను. అవే పగుళ్ళు, అదే చోట నొప్పి. ఆవిడదీ మీ ఊరే అనుకుంటాను.” ఆ తర్వాత ఆయన ఏమీ అడగలేదు. బల్లమీద పడుకుని ఉన్న నాకు, నా కాలు ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టనిపించింది.

సూది మడమ పక్కనుంచి లోపలికి వెళ్ళింది. ఎముకకి తగిలినట్టు తెలిసింది. మందు ఎక్కుతుంటే లోపల నిప్పు పోసినట్టయింది. కాస్సేపటికి ఆ మంట చల్లారి, దానితోపాటు నొప్పి పోయి, నొప్పితోపాటు మడమే పోయింది. గిల్లి చూసుకున్నాను. ఏమీ తెలియలేదు.

నేను అక్కడే పడుకుని ఉండగానే, నా కాలి గురించి ఇద్దరు మగవాళ్ళు నామీదుగా మాట్లాడుకున్నారు. “ఈ మందుతో నొప్పి తగ్గుతుంది గాని జబ్బు నయమైనట్టు కాదు. కొన్ని వారాలు బరువులెత్తనివ్వకండి. గచ్చునేల మీద వట్టికాళ్ళతో తిరగకూడదు. రబ్బరు చెప్పులు కొనిపెట్టండి, ఇంట్లో కూడా వేసుకోవాలి,” అన్నాడు డాక్టరుగారు. మా ఆయన ప్రతి మాటకీ అలాగే బాబూ, అలాగే బాబూ అన్నాడు.

బజార్లో చెప్పుల దుకాణం ముందు నేను ఆగాను. “ఇంట్లో సెప్పులేటే? అమ్మ ముందరా?” అని ఆయన ఆగకుండా వెళ్ళిపోయాడు. రైల్లో అడిగాను, “మన ఊరోళ్ళు ఇంకెవులైనా ఈ డాక్టరుకాడికి వచ్చీవోరా?” అని. “నాకేటి తెలుసు,” అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. వెంటనే పొయ్యి రాజేశాను. నొప్పిలేని కాలుతో ఇల్లంతా తిరుగుతుంటే రెక్కలొచ్చినట్టుంది. అన్నం వార్చి దించుతుంటే ఎక్కడో చర్మం కాలిన వాసన వచ్చింది. కోడిని కాలుస్తున్నారా అని పెరట్లోకి తొంగిచూశాను. ఎవరూ లేరు. వాసన నాతోనే వస్తోంది. కిందికి చూసుకుంటే, పొయ్యిలోంచి జారిన నిప్పుకణిక మీద నా మడమ ఉంది. పొగ వస్తోంది. కాలు తీశాను. తొందరపడి కూడా తీయలేదు, నాది కాని వస్తువుని పక్కకి జరిపినట్టు జరిపాను. నేనరవలేదు. అరవడానికి ఏమీ తెలియడం లేదు కదా.

మర్నాడు పనిలోకి వచ్చిన తవిటమ్మ నా మడమకి కట్టిన గుడ్డ చూసింది. చాలా ఏళ్ళుగా ఆ ఇంట్లో వడ్లపనికి వచ్చే మనిషి. “నీకూ సూది ఏయించీసినారేటమ్మా?” అంది.

“నీకూ అంటావేటి తవిటమ్మా? ఇంకెవులికి ఏయించినారు?”

ఆమె చేట తీసుకుని కళ్ళంలోకి వెళ్ళిపోయింది. “ఏటీ నేదమ్మా. నోరు జారింది,” అంది దూరం నుంచి. ఆ రోజునుంచి నాతో మాట్లాడేటప్పుడు నా మొహం చూసేది కాదు. నా పాదాలే చూసేది, అవి ఏం చేస్తాయో కనిపెట్టుకుని ఉన్నట్టు.

ఆ కొన్ని వారాలు ఇంట్లో అందరూ హాయిగా ఉన్నారు. నా అడుగులు సమంగా పడుతున్నాయి. మా అత్త ఉలిక్కిపడి లేవడం లేదు. మా ఆయన నాతో నవ్వుతూ మాట్లాడాడు, ఒకసారి జంతికలు కూడా తెచ్చాడు. తాతమ్మ మాత్రం పొద్దున్నే లేచి గుమ్మంలో కూర్చుని చెవులు రిక్కించేది. దేనికోసం వింటోందో నాకు తెలుసు. వినపడక లేచి మొహం కడుక్కోడానికి వెళ్ళిపోయేది. ఆ పిల్ల వీపు చూస్తుంటే, నొప్పి తగ్గడం కూడా ఒక దొంగతనమే అనిపించేది.

ఆ తర్వాత నొప్పి తిరిగొచ్చింది. మళ్ళీ విజయనగరం, మళ్ళీ సూది. ఈసారి డాక్టరుగారు ఇంత తొందరగా వేయకూడదని గొణిగి, మా ఆయన బతిమాలితే వేశాడు. ఆ సుఖం ఇంకా తక్కువ రోజులు ఉంది. కోతలయ్యి, నూర్పులయ్యి, వడ్లు ఇంటికొచ్చే వేళకి నా కుడికాలు మళ్ళీ మునివేళ్ళమీదికి ఎక్కింది. ఏటా ఆ రోజుల్లో ఉప్పుడుబియ్యానికి వడ్లు ఉడికించేవారు. పెరట్లో పెద్దపొయ్యి, దానిమీద కంచు గుండిగ. ఉడికిన వడ్లూ, మరిగే నీళ్ళూ నిండిన ఆ గుండిగని ఇద్దరాడవాళ్ళు అంచులకి గుడ్డలు చుట్టి పట్టుకుని దించి, కళ్ళందాకా మోసుకెళ్ళి ఒంపాలి.

“రేపు సూది ఏయించీసుకుంటే, ఎల్లుండికి గుండిగెత్తీగల్దువు,” అన్నాడు మా ఆయన.

రైలుకి బయల్దేరే రోజు పొద్దుట, వెలుగు ఇంకా సరిగ్గా రాలేదు, నడిమింట్లోంచి వెళ్తున్నాను. ఈడ్చుకుంటూ ఒక అడుగు, మోపుతూ ఒక అడుగు.

“నరసా,” అంది మా అత్త చీకట్లోంచి. “రా. కూకో.”

ఆ ఇంట్లో నన్ను కూర్చోమన్నవాళ్ళు అంతవరకూ లేరు. వెళ్ళి మంచం పక్కన నేలమీద కూర్చున్నాను. ఆమె చేయి గాలిలో తడుముకుంటూ వచ్చి నా తలమీద ఆగింది. కోక అంచు పట్టుకుని వాసన చూసింది. అది పేరంటాలి కోకే.

“ఆ యేడు వడ్లుడకేసీ ముందు రోజు నీకు సూది ఏయించి తెచ్చినాడు వోడు,” అంది. “నొప్పి నేదత్తా అన్నావు. నొప్పి నేదు గదా అని గుండిగెత్తమన్నాను. అటు తవిటమ్మ పట్టింది, ఇటు నువ్వు పట్టినావు. నీ కాల్లో ఏదో తెగింది. పలుపుతాడు తెగినట్టు సప్పుడైంది. నానీ మంచంకాడే ఉన్నాను, నాకినిపించింది. నువ్వు కూలిపోనావు. గుండిగ నీమీదకి ఒరిగిపోనాది.”

ఆమె చేయి నా తలమీదే ఉంది.

“ఒళ్ళంతా ఉడికిపోనాది. అరిటాకుల్లో పడుకోబెట్టినాం. ఊళ్ళో జొరమని సెప్పినాం. జొరం కూడా వచ్చింది, అబద్దం కాదు. నీ కాడ కూకున్నాను గదా నాను, ఏటైనా తిడతావేమో, శాపం పెడతావేమో అని సూసినాను. నువ్వేటీ అననేదు. పోయీదాకా ఒక్క మాట అననేదు. అందికే పేరంటాలివయ్యావు నువ్వు. సల్లగా సూడు మమ్మల్ని.”

వెనకగదిలో గూటి దగ్గర ఏదో కదిలినట్టు వినపడింది. ఎలుకే అయ్యుండాలి. నేను అటు చూడలేదు. ఇన్నాళ్ళూ నేను దీపం పెట్టి దణ్ణం పెట్టింది ఎవరికో అప్పుడు తెలిసింది. నోరెత్తకుండా పోయినందుకు దేవతైన మనిషికి. ఆమె నోరెత్తి ఉంటే ఆ గూడు ఉండేది కాదు, ఏడాదికో కోక పెట్టేవారు కాదు, దయ్యమైందని వేపమండలు కట్టి ఉండేవారు.

“అత్తా,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “నాను నరసమ్మని కాను. పద్మని.”

మా అత్త చేయి వెనక్కి తీసుకుంది.

“తెలుసే,” అంది. “పిలిసినప్పుడు తెల్దు. కూకున్నప్పుడు తెలిసింది. నరసమ్మ ఏనాడూ కూకోనేదు.”

ఆ పొద్దున్నే రైలెక్కాం. ఆస్పత్రిలో అదే బల్ల. అదే టకటక. డాక్టరుగారు మందు సూదిలోకి లాగి, నా పాదం పట్టుకున్నాడు.

“బాబూ, ఒక్క మాటండి,” అన్నాను.

ఆయన ఆగాడు. మూడుసార్లు ఆ బల్లమీద పడుకున్నాను, నా మాట వినడానికి ఆయన ఆగింది అప్పుడే. “చెప్పమ్మా.”

“ఈ సూది ఏయించుకున్నాక బరువెత్తితే ఏటవుతాదండి?”

“ఎత్తకూడదనే కదా చెప్పాను,” అన్నాడు. మా ఆయనకేసి ఓసారి చూసి, మళ్ళీ నావేపు తిరిగాడు. “పాదం అడుగున మడమనుంచి వేళ్ళదాకా గట్టి పట్టీలాంటిది ఉంటుందమ్మా. ఈ మందు మాటిమాటికీ పడితే దాని బలం తగ్గుతుంది. నొప్పి తెలియదు కనుక మనిషి ఆలోచించకుండా బరువెత్తేస్తుంది. అప్పుడది తెగిపోవచ్చు.”

“తెగిందండి,” అన్నాను. “మా ఇంట్లో లక్ష్మీనరసమ్మకి తెగింది. ఉడుకుతున్న గుండిగ మీద పడి చచ్చిపోనాది.”

స్టౌమీద సూదులు కొట్టుకుంటూనే ఉన్నాయి. డాక్టరుగారి చేతిలో సూది అలాగే ఉండిపోయింది. “ఆవిడ మళ్ళీ రాలేదు,” అన్నాడు నెమ్మదిగా. “తగ్గిపోయిందనుకున్నాను.”

నేను పాదం వెనక్కి తీసుకుని కోకలో కప్పుకున్నాను. “ఇది నాకొద్దండి,” అన్నాను.

వీధిలోకి రాగానే మా ఆయన మీదపడ్డాడు. “ఏటే ఈ పని? పెద్దమనిషి ముందర పరువు తీసీసినావు. ఎవులు సెప్పినారు నీకు అయ్యన్నీ? రేపు వడ్లుడకెయ్యాల. సూది నేకపోతే నీకు నొప్పెడతాదే.”

“నొప్పెట్టనీ,” అన్నాను. “నొప్పి ఉంటేనే అది నా కాలు.”

చీపురుపల్లి స్టేషన్‌నుంచి ఊరికి మట్టిరోడ్డు. ఎండ తగ్గింది, దారిలో ఎవరూ లేరు. ఎప్పటిలాగే ఆయన ముందు, నేను వెనక. ఈసారి నేను మడమ నొక్కి నడవలేదు. దాచుకోలేదు. ఈడ్చుకుంటూ, మోపుతూ, కాలు ఎలా నడుస్తానంటే అలా నడవనిచ్చాను. కొంతదూరం వెళ్ళాక ఆయన మెడ బిగుసుకోవడం కనపడింది. వెనక్కి చూశాడు, నేనే అని చూసుకుని మళ్ళీ నడిచాడు. మళ్ళీ చూశాడు. చివరికి రోడ్డుపక్కకి తప్పుకుని నిలబడి, నన్ను ముందుకు పోనిచ్చాడు. మిగిలిన దారంతా నా వెనకే వచ్చాడు. పెళ్ళైనప్పటినుంచి ఆయన నా వెనక నడవడం అదే మొదలు. ఆ చప్పుడు తన వీపు వెనక వినపడుతుంటే ఆయన ఒక్క అడుగు కూడా వేయలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే పెరట్లో పొయ్యి రాజుకుంది. అసిరయ్య మంట ఎగదోశాడు. గుండిగలో వడ్లు ఉడికి, గింజలు నోళ్ళు తెరుస్తున్నాయి. ఆవిరి పెరడంతా కమ్మేసింది. తవిటమ్మ ఒకవేపు గుడ్డ చుట్టుకుని నిలబడింది. రెండో గుడ్డ ఖాళీగా అంచుమీద వేలాడుతోంది. నేను సాల అరుగుమీద కూర్చున్నాను.

“ఏటలా సూస్తావు? పట్టు,” అన్నాడు మా ఆయన.

అందరూ నావేపు చూశారు. నేను లేవకపోయేసరికి, తాతమ్మ ఆవిరిలోంచి ముందుకొచ్చింది. “నాను పడతాను నాన్నా,” అని గుడ్డ అందుకోబోయింది. ఆ పిల్ల తల గుండిగ అంచు వరకైనా రాదు. లేచి, దాని రెక్క పట్టుకుని లాక్కొచ్చి, అరుగుమీద నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. చెయ్యి వదల్లేదు.

“నాకు నొప్పిగా ఉన్నాది,” అన్నాను. “నానెత్తను. ఇది కూడా ఎత్తదు.”

గట్టిగా అనలేదు. అయినా ఆ మాట పెరట్లో అన్ని మూలలకీ వెళ్ళింది. తవిటమ్మ తన చేతిలో గుడ్డ కింద పడేసి, రెండడుగులు వెనక్కి వేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోంది. మా ఆయన ఏదో అనబోయాడు. ఆయన నోట్లోంచి మాట రాకముందే ఇంట్లోంచి మా అత్త గొంతు వినపడింది.

“ఒరే జగన్నాధం. వడ్లు మాడతన్నాయి. నువ్వు దించరా.”

ఆయన తలపాగా విప్పి చేతులకి చుట్టుకున్నాడు. అటు అసిరయ్య పట్టాడు, ఇటు ఆయన పట్టాడు. ఒక్క ఊపున ఎత్తబోయాడు, గుండిగ కదల్లేదు. మళ్ళీ వంగి, నడుం బిగించి ఎత్తాడు. తడినేల మీద మడమలు జారాయి. వేడినీళ్ళు తొణికి పాదాల పక్కన పడ్డాయి. మొహంలో నరాలు ఉబ్బాయి. కళ్ళంవేపు ఒక అడుగు వేశాడు, ఇంకొకటి ఈడ్చాడు. ఇంట్లో మా అత్త మంచం కిర్రుమంది, లేచి కూర్చుంది కాబోలు. ఆయన అడుగులు వింటోంది.

పెరడు మధ్యలో ఆగిపోయి, గుండిగ కిందికి దించి, రొప్పుతూ నావేపు తిరిగాడు. ఆవిరిలో ఆయన కళ్ళు నా మొహంమీద నిలవలేదు. నా భుజం పక్కన, తాతమ్మకి అటువేపు ఖాళీగా ఉన్న అరుగుమీద ఆగాయి.

“ఇంత బరువుంటాదేటే ఇది?” అన్నాడు.

అడిగింది నన్ను కాదు, నరసమ్మని.